నిలబెట్టిన సీసాలు

నల నామ సంవత్సరం, మార్గశిర మాసం. దొరల లెక్కలో 1856 డిసెంబరు. అమలాపురంలో మా కొట్టు అప్పటికే మూడు తరాలది. మా తాత నూనె, బెల్లం అమ్మాడు. మా నాన్న వాటికి తాళ్ళు, మేకులు చేర్చాడు. వాళ్ళిద్దరికన్నా తెలివైనవాణ్ణని నాకో నమ్మకం ఉండేది కనక నేను దొరల సరుకు చేర్చాను. గోదావరికి ఆనకట్ట కట్టాక కోనసీమలో కాలువలు తవ్వించే దొరలు అక్కడక్కడ బంగళాలు వేసుకున్నారు. వాళ్ళకి కొవ్వొత్తులు, బిస్కట్లు, చీజు, అంటే ఉప్పు వేసి గట్టిపరచిన వాళ్ళ జున్ను, రకరకాల సీసాలు కావాలి. అవన్నీ గౌతమి దిగువన యానాంలో ఫ్రెంచివాళ్ళ దగ్గర దొరికేవి. అక్కడ బేరమాడి కొని ఇక్కడ అమ్మేవాణ్ణి.

వాటిలో ఖరీదైనది షాంపేను. ద్రాక్షరసం పులిసేటప్పుడు పుట్టే గాలిని బయటికి పోనివ్వకుండా సీసాలో బిగించి, బిరడాకి ఇనపతీగ చుడతారు. తీగ విప్పితే బిరడా తుపాకీలా పేలి నురుగు పొంగుతుంది. ఆ పొంగుకే దాని ధర. గాలి అమ్ముకుని బతికిన కోమటి కోనసీమలో నేనొక్కణ్ణే అయివుంటాను.

నేను చుక్క నోట పెట్టినవాణ్ణి కాను. మాంసం మాట చెప్పక్కరలేదు. అయినా ఏ సీసా పక్కన ఏ తిండి పెడితే బాగుంటుందో దొరలకు చెప్పేవాణ్ణి, వాళ్ళు తలలూపేవారు. ఆ విద్య నాది కాదు, యోహానుది.

యోహాను ముక్తేశ్వరం బంగళాలో బట్లరు. వంట, వడ్డన, సీసాలు అన్నీ చూసుకునే పెద్ద నౌకరుని బట్లరంటారు. కొత్తపేట దగ్గర పాలేరు కుటుంబంలో పుట్టాడు. వాళ్ళ నాన్న కిరస్తానీ మతం పుచ్చుకున్నాక యోహాను నరసాపురంలో దొరల ఇళ్ళలో పని నేర్చుకున్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. సరుకుకి వచ్చినప్పుడు వీధిలో నిలబడేవాడు, నేను అరుగు మీద కూర్చునేవాణ్ణి. అతను నన్ను గారూ, అండీ అనేవాడు. నేను అతన్ని ఓయ్ అనేవాణ్ణి. పాఠం చెప్పేది మాత్రం అతను.

"డ్రై అంటారండి ఒక రకాన్ని. తీపి తక్కువండి, కాస్త పుల్లగా, చింతచిగురు నమిలినట్టుంటాదండి. దాని పక్కన ఉప్పువి పెట్టాలండి. చీజండి, హ్యామంటే పొగబెట్టిన పందిమాంసమండి, వేయించిన జీడిపప్పండి. ఉప్పు నాలికని పట్టేసుకుంటాది, ఈ పులుపు కడిగేస్తాదండి."

"మరి తీపి రకం?"

"దానికి పళ్ళండి, కేకులండి. డ్రై పక్కన కేకు పెట్టేరా, తాగినోడు ముఖం చిట్లిస్తాడండి. దొర ముఖం చిట్లిస్తే తిట్లు ఎవరికండి? నాకేనండి."

ఆ మాటలే మర్నాడు మరో దొర దగ్గర నా సొంత అనుభవంలా ఒప్పజెప్పేవాణ్ణి.

ఆ ఏడు ముక్తేశ్వరం దొర క్రిస్మసుకి ఎక్కడికీ వెళ్ళదలచుకోలేదు. మామూలుగా దొరలంతా రాజమహేంద్రవరం పోయి గుమిగూడేవారు. కాని దొరసానికి కార్తీకం నుంచి విడిచి విడిచి జ్వరం వస్తోంది, పడవ ఎక్కే ఓపిక లేదు. పాతికేళ్ళు కూడా ఉండవు ఆవిడకి. అందుకని నలుగురు స్నేహితుల్ని బంగళాకే పిలిచారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి వడ్డించే విందు కాదు. పనస చెక్క పలక ఒకటి బల్ల మీద పరిచి, దాని నిండా అన్నీ సర్ది పెడితే ఎవరికి కావలసింది వాళ్ళు తుంచుకు తింటారు. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు అలా చేసుకునేవారని, అదే కావాలని దొరసాని అడిగిందట.

యోహాను ఆరు సీసాలు కావాలన్నాడు. రెండు డ్రై, నాలుగు తీపి. నా దగ్గర సరిగ్గా ఆరున్నాయి, పధ్నాలుగు నెలలుగా ఉన్నాయి. పాత సరుకు ముందు వదిలించుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన తెలివి.

"పాతవాండి?" అన్నాడు యోహాను.

"పాతబడితేనే రుచని నువ్వేగా చెప్పేవు?"

"అన్నిటికీ కాదండి. ఓసారి లోపలికొచ్చి చూడమంటారాండి?"

సామాన్ల గది వంటింటిని ఆనుకుని ఉంటుంది. అమ్మ మడి కట్టుకుని లోపల తిరుగుతోంది. "నువ్వు లోపలికొస్తే మా అమ్మ నన్ను బయటికి పంపుతుందోయ్. ఉండు, తెచ్చి చూపిస్తాను" అని నవ్వాను. అతను కూడా నవ్వాడు. ఒక సీసా తెచ్చి అరుగు చివర పెట్టాను. అతను తీసుకుని ఎండకి పట్టి చూశాడు. తీగ బిగువుగా ఉంది, రసం తేటగా ఉంది. "ఆయ్, బాగానే ఉందండి" అన్నాడు. అతని ఒప్పుదలను ఆధారం చేసుకుని ధర ఇంకో మెట్టు పెంచాను కూడా.

పండగ రోజు పొద్దున్న సరుకుతో నేనే బండిలో వెళ్ళాను. యోహాను పలక సర్దుతున్నాడు. ఒక కొసన చీజు, హ్యాము, జీడిపప్పు; రెండో కొసన కమలాపళ్ళు, అరటిపళ్ళు, లేతకొబ్బరి పలుకులు, కేకు. మధ్యలో రెండు జానల ఖాళీ వదిలాడు, ఉప్పువీ తీపివీ తగలకుండా. సీసాల్ని సురేకారం కలిపిన నీళ్ళ తొట్టిలో పెట్టాడు. సురేకారం నీళ్ళని చల్లబరుస్తుంది. ఆ పలక చూస్తే, తినని నాకే నోరూరింది.

కాని లోపలి గదిలో సంగతి వేరుగా ఉంది. రాత్రి నుంచి దొరసానికి వాంతులు. మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. విందుకని వచ్చిన నలుగురిలో ఒకాయన డాక్టరు. ఆయన బయటికి వచ్చి పలక వంక చూడకుండా తొట్టి వంక చూసి ఏదో అన్నాడు. యోహాను నాకు తెలుగులో చెప్పాడు.

"మందులు నిలవట్లేదంటండి. షాంపేను చల్లగా, చెంచాడు చెంచాడు పోస్తే ఆ గాలికి కడుపు కుదుటపడతాదంటండి. అది నిలిస్తే మందు పోయొచ్చంటండి. అదొక్కటే దారంటండి."

యోహాను మొదటి సీసా తీగ విప్పాడు. అందరం శబ్దం కోసం చూశాం. బిరడా వేలికి ఊరికే ఊడి వచ్చింది. గ్లాసులో పోస్తే ఒక్క బుడగ లేదు. రెండోది తీశాడు, మూడోది తీశాడు. ఆరో సీసా దొరే స్వయంగా తీశాడు. ఆరూ చచ్చిన రసమే. దొర గ్లాసు వాసన చూసి యానాం సరుకు మోసమన్నాడు. నేను కాదనలేదు. ఎందుకలా అయిందో అప్పటికి నాకు నిజంగా తెలియదు. అయినా తప్పు యానాం మీదికి పోతుంటే హాయిగానే ఉంది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

యానాం వెళ్ళి కొత్తవి తెస్తానన్నాను. దొర తన పడవ ఇచ్చాడు, చూసి ఎంచడానికి యోహానుని తోడిచ్చాడు. గౌతమి మీద దిగువకి సాగాం. ముమ్మిడివరం వైపు కొబ్బరితోపులు కనిపిస్తుండగా యోహాను అడిగాడు.

"శెట్టిగారండీ, ఆ సీసాలు మీ గదిలో ఎలా పెట్టేరండి?"

"ఎలా ఏమిటోయ్? సీసాని ఎలా పెడతారు? నూనెజాడీల పక్కన వరసగా నిలబెట్టేను."

అతను అరచెయ్యి అడ్డంగా చాచి చూపించాడు.

"పడుకోబెట్టాలండి. రసం బిరడాని తడుపుతా ఉండాలండి. నిలబెడితే బిరడా ఎండి ముడుచుకుపోద్దండి. ఆ సందులోంచి గాలి రోజూ కాస్త కాస్త పోద్దండి. పైకి తీగ తీగలాగే ఉంటాదండి, తెలీదండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అందరికీ తెలిసిందే అనుకున్నానండి. చూసుంటే చెబుదునండి."

అంతకుమించి అనలేదు. అని ఉంటే ఏదో జవాబు వెతుక్కునేవాణ్ణి, నాకు జవాబులకి కొరత లేదు. నూనె కొట్టులో పుట్టినవాడు జాడీని పడుకోబెట్టడు, కారిపోతుంది. నాకు బాగా తెలుసనుకున్న పనే అది.

యానాంలో ఆ రోజు నేను బేరమాడలేదు. నా జీవితంలో అదొక్కసారే. యోహాను గిడ్డంగిలోకి వెళ్ళి, పడుకోబెట్టి ఉన్న వరసలోంచి రెండు ఎంచి తెచ్చాడు. ఫ్రెంచి వర్తకుడు అతన్ని లోపలికి రమ్మనే అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పోటు అందుకుని, పడవవాళ్ళు తెడ్లు వేసి గెడలు పొడిచి, మర్నాడు పొద్దెక్కేసరికి ముక్తేశ్వరం చేర్చారు.

యోహాను రెండు సీసాల్నీ చంటిపిల్లల్లా చేతుల మీద అడ్డంగా పట్టుకుని గట్టెక్కాడు. దొర మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు మాటలన్నాడు. యోహాను ఆగిపోయాడు.

"అయిపోయిందంటండి. తెల్లవారగట్టండి."

తలుపులోంచి పలక కనిపిస్తోంది. ఎవరూ ముట్టలేదు. చీజు చెమర్చింది, కేకు మీద చీమలు బారులు కట్టాయి. మధ్యలో రెండు జానల ఖాళీ అలాగే ఉంది.

దొర ఒక సీసా అందుకుని, వచ్చీరాని తెలుగులో నన్నడిగాడు: "ఇది మంచిదేనా?"

"ఆయ్" అన్నాను.

ఆయన తీగ విప్పాడు. బిరడా పేలింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు వినడం కన్నా ఆయన చేత నాలుగు తిట్లు తిని ఉంటే నయమనిపించింది. నురుగు పొంగి మెట్ల మీదుగా కారింది. చివరి బుడగ ఆరిపోయేదాకా చూసి, రెండో సీసా తీసుకుపొమ్మని యోహానుకి సైగ చేశాడు. నిలబెట్టింది నేనని ఆయనకి నేను చెప్పలేదు. యోహానూ చెప్పలేదు.

పుష్యమాసంలో యోహాను సరుకుకి వచ్చినప్పుడు సామాన్ల గదిలోకి రమ్మన్నాను. అతను అరుగు కిందే నిలబడి, "అమ్మగారు ఊరుకుంటారాండి?" అన్నాడు. ఊరుకోలేదు. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, గదంతా పసుపునీళ్ళు చల్లించింది. అతను మాత్రం సీసాలన్నీ పడుకోబెట్టి, వాటి కింద ఇసక పోసి, చేతులు దులుపుకుని వెళ్ళాడు.

దొరల సరుకు వ్యాపారంలో నేను నేర్చింది చాలా ఉంది, చాలామటుకు ధరల సంగతి. దీని సంగతి వేరు. వీధిలోంచి ఆ గదికి పది అడుగులు. అతన్ని ముందే నడవనిచ్చి ఉంటే నిలబెట్టిన సీసాలు చూసి కొత్తవి తెమ్మనేవాడు. దాంతో దొరసాని బతికేదని చెప్పలేను, డాక్టరు కూడా చెప్పలేదు. కాని ఆ పొద్దున్న ఆవిడ నోట్లో పోయడానికి చెంచాడు మంచి రసం ఉండేది. అంతవరకు నాకు కచ్చితంగా తెలుసు.