జానెడంటే ఎవరి జానెడు?

వానాకాలంలో గాలం వేసే మేము ముగ్గురం, రాత్రి వాన ఎంత పడుతుందో పందెం కాస్తాం. తెల్లారి చెలకలో తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చేత్తో కొలుస్తాం. దగ్గరగా చెప్పి గెలిచినవాడికి ఆదివారం చెక్‌డ్యాం కింద చేపలు బాగా పడే మూల దక్కుతుంది.

నిన్న సత్యం బెత్తెడు అన్నాడు, వీరభద్రం బావ జానెడు అన్నాడు. ఈసారి నేను తీర్పరిని. బావకు నెల రోజులుగా ఒక్క చేప పడలేదు. గాలం కర్ర పొయ్యిలో పెడతానని అక్క అంటోంది.

ఈ పొద్దున తవ్వితే తడి బావ చేతికి సరిగ్గా జానెడు వచ్చింది. సత్యం తన పెద్ద చెయ్యి పెట్టి చూశాడు.

"నా జానకు సగం దాటి కొంచెమే ఉన్నది. నీది చిన్నపిల్లగాని చెయ్యి బావా!"

"జానెడన్నది నేను. నా చెయ్యే లెక్క," అన్నాడు బావ.

ఇద్దరూ నా వైపు చూశారు. నేనూ గుంటలో చెయ్యి పెట్టి, జానెడే అన్నాను.

"నీ వేళ్లు గట్ల వంగినయేందన్నా?" అన్నాడు సత్యం.

"చలికి," అన్నాను.

బావ అప్పటికే ఎరకు వానపాములు ఏరుకుంటున్నాడు.

మీ దగ్గర జానెడు వాన అంటే ఎవరి చెయ్యి లెక్క?