నా కళ్ళముందు చెడాలి

మెకానిక్ 'చెడనీ'కి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా తన కళ్ళముందు చెడితే తప్ప స్క్రూడ్రైవర్ పట్టుకోడు.

ఇంటి కప్పు కారుతోందని పెళ్ళాం మొత్తుకుంటే, దాని కింద కుర్చీ వేసుకుని వానకోసం మూడు నెలలు చూశాడు. మొదటి చుక్క సరిగ్గా ముక్కు మీద పడింది. "ఇప్పుడు ఒప్పుకుంటున్నా" అని నిచ్చెన తెచ్చాడు. ఓసారి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోగానే నొప్పి తగ్గిందట. అది మళ్ళీ వచ్చేదాకా లేవనన్నాడు. వెనకున్న తొమ్మిదిమందికీ ఆలోపు పళ్ళు వాటంతటవే ఊడిపోయాయి.

అలాంటివాడికి అక్క మొగుడు తన పిన్‌బాల్ మిషన్ అప్పగించాడు. రెండు పక్కలా ఉన్న బటన్లు నొక్కితే రెక్కలు లేచి, ఇనుపబంతిని గుంటలో పడకుండా పైకి కొట్టే ఆట అది. ఆ బావ ఒక ఆటల హాలు యజమాని. అప్పటికే ఆయనకి లోకమంతా చేదు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. "రబ్బరు బంతి పిసకండి" అన్న డాక్టరు మీదకే ఆ బంతి విసిరాడు. డాక్టరు రాసిచ్చిన చీటీని కూడా ఉండచుట్టి పారేశాడు. ఆటలన్నీ జనం జేబుల్లోని ఫోన్లలోకి దూరాక హాలూ పాడుపడింది. మిగిలిందల్లా యాభై ఏళ్ళనాటి ఆ మిషనొక్కటే. లోపలంతా తీగలు, తీగచుట్టలు, సన్నటి ఇత్తడి రేకులు. బంతి కుడిమూల గురిని తాకితే రెండు రేకులు కలుసుకుని గంట మోగాలి. ఈమధ్య ఓసారి మోగితే ఓసారి మోగడం లేదు.

"ఆర్నెల్లు చూస్తాను," అన్నాడు బావ. "బాగుపడకపోతే పాత ఇనుము బండి పిలుస్తాను. నన్నూ అందులోనే ఎక్కించెయ్యండి. ఇద్దరం ఒక బాపతే."

చెడనీ మిషన్ పక్కన స్టూలు వేసుకున్నాడు.

"ఆడు బావా. చెడనీ."

"నువ్వే ఆడి చావరాదూ?"

"నేనాడితే చూసేదెవరు? ఎడమ రెక్కతో కొడితేనే బంతి ఆ మూలకి పోతుంది. ఎడమ బటన్ నొక్కు."

బావ కుడిచెయ్యి చాపాడు.

"ఊహూఁ. అడ్డంగా నొక్కితే మిషన్ అదిరే తీరు మారిపోతుంది. లోపలి దొంగ పసిగడతాడు. ఎడమచేత్తోనే నొక్కాలి."

"అది చచ్చిందిరా!"

"నా కళ్ళముందు చావలేదుగా!"

ఆ మాటకి ఒళ్ళు మండి, బావ చచ్చిన చేతిని మంచి చేత్తో ఎత్తి, మూటలా బటన్ మీద పడేశాడు. మొదటి నెలంతా బంతులన్నీ గుంటలోకే. తిట్లన్నీ బావమరిది మీదకే. రోజూ పొద్దున్న తలుపు తెరిచింది మొదలు భోజనాల దాకా అదే తంతు. ఆ తిట్లకి గోడ సున్నం రాలిందంటారు. రాలిన సున్నం నేను చూశాను.

"ఇంకా ఏం చూస్తావురా?" అని అక్క ఓపిక పోయి అడిగింది.

"చెడుతోందక్కా. సరిగ్గా నేను రెప్ప వేసినప్పుడే చెడుతోంది."

ఆర్నెల్లూ గడిచాయి. ఇనుము బండి గుమ్మంలోకి వచ్చింది. చెడనీ బండివాణ్ణి "టీ తాగుదువుగాని రా" అని లాక్కుపోయాడు. బావ పళ్ళు కొరుకుతూ, తనే తేల్చుకుందామని అద్దం తీసి, ఆటపలకని కుడిచేత్తో ఎత్తిపట్టుకుని లోపలికి తొంగిచూశాడు.

గంట రేకుల మధ్య ఏదో కాగితం మడత. మిషన్ అదిరినప్పుడల్లా లోపలికి జరిగి రేకుల్ని కలవనివ్వదు. మళ్ళీ అదిరితే పక్కకి తప్పుకుంటుంది. బావ దాన్ని లాగి విప్పాడు. తను ఉండచుట్టి పారేసిన డాక్టరు చీటీ. "ఎడమ చెయ్యి. రోజుకి రెండొందల సార్లు. ఆర్నెల్లు."

"నీచుడా! నన్ను కోతిలా ఆడించావా..." అని మొదలుపెట్టిన తిట్టు సగంలో ఆగింది. పలక బరువంతా కుడిచేతి మీదే ఉంది. మరి చీటీ లాగిందెవరు?

ఎడమచేతి వేళ్ళకేసి చాలాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత చీటీని వంకరటింకరగా మడిచి, మళ్ళీ అక్కడే దూర్చి, పలక దించేశాడు.

చెడనీ టీ గ్లాసుతో వచ్చాడు, వెనకే బండివాడు.

"నువ్వెళ్ళవయ్యా," అన్నాడు బావ బండివాడితో. "ఇక్కడ పాత ఇనుమేం లేదు."

"మరి మిషన్ బావా?"

"ఇప్పుడే చెడింది."

"అరెరె! నేను చూడలేదే!"

"కూర్చో గుడ్డివెధవా. ఇంకో ఆర్నెల్లు చూద్దువుగాని."

బావ ఎడమచెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. చెయ్యి వణికి, సగం టీ చెడనీ చొక్కా మీద పడింది.

"నీ కళ్ళముందే ఒలికింది కదా," అన్నాడు బావ. "తుడుచుకో."