అమ్మ పళ్ళసెట్టు

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పళ్ళ మేస్త్రి అంటే చాలు, చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. అతను డాక్టరు కాదు. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చును బట్టి పళ్ళసెట్టు తయారుచేసి వెనక్కి పంపడం అతని పని. పేరు డాక్టరుకి, దుమ్ము మేస్త్రికి. "ఊళ్ళో సగం మంది నా పళ్ళతోనే నన్ను తిడుతున్నారు" అని నవ్వుతుండేవాడు. నవ్వడం వచ్చిన రోజుల్లో సంగతి లెండి.

పనిగది పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గోడ పొడవునా బల్ల. బల్ల నిండా సున్నపు దవడలు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. మైనం కరిగే వాసన, గులాబీరంగు పొడిలో కలిపే మందు ఘాటు, మెత్తటి తెల్లదుమ్ము. ఆ దుమ్ము మేస్త్రి కనుబొమల మీద ఎంతగా పేరుకుందంటే, అతనికి వయసుకంటే ముందే ముసలితనం వచ్చిందనుకునేవాళ్ళు. సెట్టు పూర్తయ్యాక దాన్ని రోగి నోట్లో పెట్టి, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నీలంరంగు కాగితం ఉంచి కొరికిస్తారు. ఎక్కడ ఎత్తుగా తగిలితే అక్కడ నీలం మరక పడుతుంది. దాన్ని చూసుకుని కాస్త అరగదీస్తారు. ఆ మరకలు చూసి కంగారుపడి తిన్నగా అతని గదికే వచ్చేసేవాళ్ళకి మేస్త్రి ఒకటే మాట చెప్పేవాడు. అది ఒక్క పూట తిండితో పోతుంది, ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు తినండి, వెతికినా కనబడదు అని.

అతని తల్లి వేరే ఊళ్ళో కూతురి దగ్గర ఉండేది. వెనకటికి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పే ఉద్యోగం ఆవిడది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరు ఆవిడ నోటిని నమ్మి బస్సెక్కింది. రిటైరయ్యాక పళ్ళన్నీ పోతే, కొడుకే సెట్టు చేసి పెట్టాడు. పని నేర్చుకున్నాక అతను తన చేతులతో చేసిన మొదటి పూర్తి సెట్టు అది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ మంచినీళ్ళకంటే ముందు ఆ పళ్ళు చూపించేది.

ఒకరోజు అది వాష్‌బేసిన్‌లో జారిపడి నిలువునా రెండు ముక్కలైంది. తెలిసినవాళ్ళు ఈ ఊరు వస్తుంటే, రుమాల్లో చుట్టి కొడుక్కి పంపించింది.

అసలు కథ ఇక్కడే ఉంది. ఆ పని ఎంతసేపటిది? రెండు ముక్కలూ జోడించాలి, బీటలో పొడీ మందూ కలిపి నింపాలి, గట్టిపడ్డాక నున్నగా తీయాలి. గంట పని. దారిన పోయేవాడు తెచ్చినా నిలబెట్టి చేసిచ్చే పని. కాని మన మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. అతుకేసిన పళ్ళు మా అమ్మకా అన్నాడు. నేను బతికుండగా మా అమ్మ అతుకులతో తింటుందా, కొత్త సెట్టే చేస్తాను అన్నాడు. పాత అచ్చు పనికిరాదు, చిగుళ్ళు అరిగి ఉంటాయి, నేనే వచ్చి అచ్చు తీసుకుంటాను, పని కాస్త తెరిపి ఇవ్వగానే విమానం ఎక్కేస్తాను అని ఫోన్లో చెప్పాడు. ఆవిడ సంతోషించింది. ముక్కలు గాజుగిన్నెలో వేసి పై అరలో పెట్టాడు. అక్కడితో సరి.

పని తెరిపి ఇస్తుందా? ఇవ్వదు. డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చే ప్రతి పెట్టె మీదా అర్జెంటని ఎర్రచీటీ ఉంటుంది. వాళ్ళ మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూస్తుంటాడు. కన్నతల్లి అర్జెంటని చీటీ అంటించి పంపదు కదా! ఎవరి పళ్ళో ముందుకు జరిగాయి, తల్లి పళ్ళు వెనక్కి జరిగాయి. నెలలు గడిచాయి. గాజుగిన్నె మీద కూడా దుమ్ము పేరుకుంది.

ఈ మధ్యలో ఆవిడ ఫోన్లో మాట తగ్గించేసింది. బాగున్నావా, పిల్లలు బాగున్నారా, సరేలే పనుంది, అంతే. ముసలావిడకి కోపం వచ్చిందేమో అనుకున్నాడు మొదట. తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది, పళ్ళ మాట ఎత్తడం లేదు కదా అని. పళ్ళు లేని నోట్లో మాటలు జారిపోతాయని, మైకులో ఊరంతటికీ వినిపించిన మనిషి ఆ జారుడు మాటలు కొడుక్కి వినిపించడానికి సిగ్గుపడుతోందని అతనికి తట్టలేదు. పొద్దున్న లేస్తే బోసినోళ్ళతోనే బతికేవాడికి తట్టలేదు. ఏమనాలి?

ఆవిడ పోయిందని అక్క ఫోన్ చేసినరోజు గాలివాన. విమానాలు ఆగిపోయాయి. అవి తిరిగి ఎగిరేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. ఇప్పుడొచ్చి చేసేదేముంది, బస్టాండు వాళ్ళు సంస్మరణ సభ పెడతారట, దానికి రా అంది అక్క. ఆ గొంతులో ఏడుపు లేదు. అక్క నోరు కత్తి. ముఖం మీద అనేయడమే తప్ప, ఒకరిని సంతోషపెట్టడానికి అబద్ధమాడి ఎరగదు. ఆవిడ తిట్టకపోయేసరికే మేస్త్రికి భయం వేసింది.

ప్రయాణమయ్యే రోజు పొద్దున్నే గాజుగిన్నె కిందికి దించాడు. ముక్కలు కడిగాడు. జోడించాడు. బీట నింపాడు. గట్టిపడేదాకా అక్కడే నిలబడ్డాడు. గంట కూడా పట్టలేదు. భార్య టీ తెచ్చి, అతని చేతిలో ఉన్నది చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అతికిన చోటు వేలితో తడిమినా తెలియడం లేదు. అంత బాగా వచ్చినందుకు అతనికి తన చేతుల మీదే అసహ్యం వేసింది.

దాన్ని ఇంట్లో వదల్లేకపోయాడు, పారేయలేకపోయాడు. చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో వేసుకున్నాడు. విమానాశ్రయంలో సంచులు చూసే మెషిన్ దగ్గర ఒక అమ్మాయి డబ్బా తెరిపించి, ఇవి ఎవరివని అడిగింది.

"మా అమ్మవమ్మా."

"ఆవిడ ఎక్కడ? మీ వెనక వస్తున్నారా?"

లేదని తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి వరసలో వెనక్కి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా మూత పెట్టి ఇచ్చేసింది.

విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది కాని, బయట ఏముందో అతను చూడలేదు. ఒకటే ప్రశ్న గుండెలో ముల్లులా దిగింది. అమ్మ ఆకలితో పోయిందా? సభలూ పూలూ కాదు, అది అడగడానికే వెళ్తున్నాడు. అక్క అవునంటే ఆ తర్వాత ఎలా బతకాలో తెలియదు. అడక్కుండా తిరిగొచ్చినా బతకలేడు.

సభ బస్టాండు పక్కన యూనియన్ హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, గరగరలాడే మైకు, బల్ల మీద తల్లి ఫొటో. ఫొటోలో పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఇటీవలిది అన్నమాట. రిటైరైన డ్రైవరొకాయన లేచి, ఆవిడ గొంతు వింటే బండి దానంతటదే కదిలేదని చెప్పి కుర్చీలో కూలబడి ఏడ్చాడు. తర్వాత అక్క పక్కింటావిడ వచ్చి మేస్త్రి చేతులు రెండూ పట్టుకుంది.

"మీరేనా బాబూ, పళ్ళు చేసే అబ్బాయి? మీ అమ్మగారికి మీ మాట తప్ప వేరే మాట లేదు. మావాడు కొత్త సెట్టు చేస్తున్నాడు, వాడి పని తొందరపెడితే రాదు, వచ్చాక చూడండి నా నవ్వు అనేది. ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అనేదనుకోండి."

మేస్త్రి నవ్వబోయి, నవ్వలేక, కాళ్ళ కింద నేల చూశాడు. కాస్త దూరంలో నిలబడ్డ అక్క అంతా వింది. విననట్టు ఉండిపోయింది.

ఇంటికి చేరాక, బావ వచ్చినవాళ్ళని సాగనంపుతుంటే, అక్కాతమ్ముళ్ళిద్దరూ తల్లి గదిలో మిగిలారు. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మంచం పక్క బల్ల మీద చిన్న మిక్సీ. అతను దాన్ని చూడటం అక్క చూసింది. మందుబిళ్ళలు పొడి చేయడానికిలే అని, తీసుకెళ్ళి వంటింట్లో పెట్టొచ్చింది.

మేస్త్రి సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాడు. అక్క మూత తెరిచి చూసింది. చాలాసేపు చూసింది.

"చేశావన్నమాట" అంది చివరికి. ఆ తర్వాత ఏడ్చింది. తల్లి పోయిన రోజు ఏడవని మనిషి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అతను ఆగాడు. ఇప్పుడు అడక్కపోతే ఇక అడగలేనని తెలుసు.

"అక్కా, ఒక్కటి చెప్పు. దాచకు. అమ్మ చివర్లో ఏం తినేది?"

అక్క ముఖం తుడుచుకుంది. డబ్బా మూత పెట్టింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఏం ప్రశ్నరా అది? మనం తినేదే తినేది. ఇక్కడ డాక్టరు దగ్గర సెట్టు చేయించాను. నువ్వు నొచ్చుకుంటావని నీకు చెప్పొద్దంది. దాంతో కడుపునిండా తినేది. పోయేరోజు కూడా తినే పడుకుంది. నువ్వేమీ మనసులో పెట్టుకోకు."

మేస్త్రి మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. నెలల బరువు ఒక్క మాటతో దిగిపోయింది. ఇంకెవరైనా అంటే నమ్మేవాడు కాదు, అంటున్నది అక్క. నేనెంత వెధవనైతేనేం, అమ్మ మాత్రం తింది అనుకున్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసి నిలబడింది.

మర్నాడు బయలుదేరేముందు, అమ్మ చివరిదాకా వాడిన ఆ సెట్టు నాకివ్వు, ఇది నీ దగ్గర ఉండనీ అని అడిగాడు. అక్క, అదెందుకురా నీకు అంది. ఉండనీ అక్కా అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి వెంటనే రాలేదు. బయట కారువాడు హారన్ కొడుతుంటే వచ్చి, డాక్టరు ఇచ్చిన తెల్లటి పెట్టె చేతిలో పెట్టింది. తెరిచి చూసే వ్యవధి లేదు. నుదుటికి తాకించుకుని సంచిలో వేసుకున్నాడు.

తిరుగు విమానంలో మళ్ళీ కిటికీ పక్కే కూర్చున్నాడు. మబ్బుల పైకి వచ్చాక ఎండ తిన్నగా ఒళ్ళో పడింది. పక్కసీట్లో ఒక పెద్దాయన అప్పటికే తిండి ఎప్పుడిస్తారని రెండుసార్లు అడిగాడు. మేస్త్రి సంచి తీసి, అమ్మ చివరి ముద్ద నమిలిన పళ్ళు కదా అని, ఒకసారి చూసుకోవాలనిపించి పెట్టె తెరిచాడు.

ఎండలో పళ్ళు తళతళలాడాయి. పని మరీ తీసిపారేసేది కాదు. చెయ్యి అలవాటు కొద్దీ వెల్లకిలా తిప్పింది. దవడపళ్ళ మీద నీలం మరకలు.

మొదట మెదడు ఒప్పుకోలేదు. వేలి కొసతో తాకాడు. నీలం వేలికి అంటింది. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, కాగితం కొరికినప్పుడు ఎలా పడ్డాయో అలాగే ఉన్నాయి. ఒక్క పూట తిండితో పోయే మరకలు. ఒక్క పూట తిండి కూడా వాటికి తగల్లేదు.

అంటే అమ్మ డాక్టరు కుర్చీలో కూర్చుని కాగితం కొరికింది. ఇంటికొచ్చి తీసి పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత మూత తెరవలేదు. మావాడు చేస్తున్నాడు కదా అనుకుని ఉంటుంది. మిక్సీలో తిప్పిన నీళ్ళజావ తాగుతూ కొడుకు చేతి పళ్ళ కోసం కూర్చుంది. జీవితంలో అబద్ధమాడి ఎరగని అక్క, తమ్ముడి కోసం ఆడింది. పాపం, ఆడటం చేతగాక, ఆ అబద్ధానికి రుజువు కూడా తనే తెచ్చి చేతికిచ్చింది. తమ్ముడి వృత్తేమిటో ఆ క్షణాన గుర్తు రాలేదు కాబోలు.

తిండి ట్రేలు వచ్చాయి. రొట్టె, ఏదో వేడిగా రేకు పొట్లంలో. మేస్త్రి వాటిని చూస్తూ కూర్చున్నాడు. మీరు తినరా అని పెద్దాయన అడిగాడు. లేదండీ అంటే, పారేస్తారు కదా మరి, నేను తీసుకోనా అన్నాడు మొహమాటపడుతూ. మేస్త్రి ట్రే అటు జరిపాడు. పెద్దాయనవి పెట్టుడు పళ్ళే. పై సెట్టు వదులై నమిలినప్పుడల్లా టకటకమంటోంది. అయినా ఆయన తన రొట్టె, మేస్త్రి రొట్టె కూడా ఒక్క తునక మిగలకుండా తిన్నాడు. విమానం దిగేదాకా ఆ టకటక మేస్త్రి చెవిలోనే ఉంది.

నీలం మరకల్ని అతను తుడవలేదు. పెట్టె మూసి పిడికిట్లో పట్టుకున్నాడు. చక్రాలు నేలకి తగిలాక ఫోన్ తెరిస్తే, వెంటనే మోగింది. అక్క.

"దిగావా?"

"ఇప్పుడే దిగాను అక్కా."

ఆవిడ ఇంకేదో అడగబోయి ఆగినట్టుంది.

"విమానంలో ఏమైనా పెట్టారా? తిన్నావా?"

మరకలు చూశానని చెబితే, నిన్న ఆ గదిలో అక్క ఇచ్చిందంతా వెనక్కి ఇచ్చేసినట్టే. ఆవిడకి మిగిలింది అదొక్కటే. మేస్త్రి పిడికిలి బిగించాడు. పెట్టె అంచు అరచేతిలో గుచ్చుకుంది.

"తిన్నాను అక్కా" అన్నాడు. "కడుపునిండా తిన్నాను."