రత్నమ్మగారి పుట్టి

మొన్న బెంగళూరు హూడిలో ఒక దాణా అంగడి ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, అప్పుడే విప్పిన బస్తాలోంచి తవుడు వాసన వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. తడి తగిలిన ఆ వాసనకు నేను పన్నెండేళ్లు వెనక్కి, చందాపురలో రత్నమ్మగారి పెరట్లోకి వెళ్లిపోయాను. ఆటో వచ్చి ఆగి, డ్రైవరు రెండుసార్లు పిలిచేదాకా నాకు తెలియలేదు.

రత్నమ్మగారు మా ఇంటి ఓనరు. వాళ్లు తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. భర్త పోయాక ఆ ఇల్లూ, పెరడూ, కోళ్లూ చూసుకుంటూ ఒక్కరే ఉండేవారు. నేను ఒంగోలు దగ్గరి నుంచి వచ్చి, అక్కడి చిన్న స్కూల్లో టీచరుగా చేరి, ఆవిడ మేడమీది గదిలో అద్దెకు దిగాను. పెరట్లో ఎనిమిది ఎర్ర కోళ్లు ఉండేవి, బొద్దుగా, బరువుగా. తొమ్మిదోది పుట్టి. సంతలో పిల్ల అనుకుని కొన్నారట. "ఇంకా పెరుగుతాదిలే అన్నాడప్పా అమ్మినోడు. ఎనిమిది నెలలాయె. ఇదే దీని పెరగడం" అని నవ్వేవారు. అది పావురం కన్నా కాస్త పెద్దదేమో, నల్లటి ఈకల మీద తెల్ల చుక్కలు. కన్నడంలో చిన్నపిల్లను ముద్దుగా పిలిచినట్టు దాన్ని పుట్టి అని పిలిచేవారు.

ఉదయం తవుడు కలిపి తట్ట పెట్టగానే ఎర్ర కోళ్లు చుట్టూ గోడలా మూసేసేవి. పుట్టి వాటి కాళ్ల సందుల్లోంచి తల దూర్చేది. వాటిలో పెద్దదానికి ఆవిడ పెట్టిన పేరు గౌడతి, అంటే ఊరిపెద్ద భార్య. ఆ గౌడతి తల మీద ఒక్క పోటు పొడిచేది. పుట్టి వెనక్కి తగ్గి, మళ్లీ ఇంకో వైపు నుంచి వచ్చేది. మేడ మీంచి అది చూస్తూ కాఫీ తాగడం నా వల్ల అయ్యేది కాదు. నిజం చెప్పాలంటే అందులో నాకు నేనే కనబడ్డాను. స్టాఫ్ రూములో అందరూ కన్నడంలో మాట్లాడుకునేవారు, నాకు ఒక్క ముక్క రాదు. చేరిన వారానికే క్యారేజీ పట్టుకుని ఖాళీ క్లాసులో ఒక్కదాన్నే తినడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అడిగేశాను. "అమ్మా, పుట్టిని పైన నా బాల్కనీలో పెట్టుకోనా? పాపం, అవి దాన్ని తిననివ్వడం లేదండీ."

ఆవిడ నావైపు ఒకసారి, కోడివైపు ఒకసారి చూశారు. "నీ మనసుకి అట్ల అనిపిస్తాంటే తీసకపో టీచరమ్మా."

నూకలు, తరిగిన ఆకుకూర పెట్టాను. మొదటిరోజు తిన్నది. రెండోరోజు నుంచి ఊచల దగ్గర నిలబడి కిందికి చూస్తూ పొద్దంతా పిలిచేది. పెరట్లో కోళ్లు ఎటు కదిలితే అటు ఊచల వెంట పరుగెత్తేది. నూకలు అలాగే ఉండిపోయేవి. పదో రోజున ఎత్తుకుంటే రొమ్ము ఎముక చేతికి తగిలింది. భయపడి, ఎవరికీ చెప్పకుండా కిందికి తీసుకెళ్లి వదిలేశాను.

ఆ పదిరోజుల్లోనే అది మందకు పరాయిదైపోయిందని నాకేం తెలుసు? గౌడతి ఒక్కటే కాదు, ఎనిమిదీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నేను తరిమేలోపే పుట్టి నెత్తి మీద చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. నా కేకకు రత్నమ్మగారు పరుగున వచ్చి, దాన్ని కొంగులో చుట్టుకుని, పసుపు, కొబ్బరినూనె అద్దారు. "నావల్లే అమ్మా" అని ఏడ్చాను.

"నువ్వు తెలీక చేస్తివి. నేను తెలిసీ చెప్పకపోతిని. బయటినించి వచ్చిన పిల్ల, ముఖం మీదనే వద్దంటే బేజారు చేసుకుంటాదని ఊరికుంటి. తప్పు నాదే ఎక్కువప్పా."

పెద్దవాళ్ల నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ల వల్ల ఏదైనా తప్పు జరిగితే, ఆ సంగతి ఇంకెవరూ ఎత్తేవారు కాదు.

గాయం మానాక ఆవిడ పెరట్లోనే ఒక మూల ఇనుప జాలీ కట్టి పుట్టిని అందులో ఉంచారు. అటు ఎనిమిది, ఇటు ఒకటి, ఒకే వేళకు మేత. "స్వల్ప దినాలు చూసుకోనీ. రోజూ కండ్ల ముందర ఉంటే, ఎవరీమె అనేది మర్చిపోతాయి." వారం తర్వాత నెమ్మదైన రెండు కోళ్లను దానితో కలిపారు. ఇంకో వారానికి జాలీ తీసేశారు. గోడకు నడుమెత్తున ఒక చెక్క కొట్టి, దాని మీద రెండో తట్ట పెట్టారు. ఎర్ర కోళ్లు అంత ఎత్తు ఎగరలేవు. పుట్టి ఒక్క ఊపులో ఎక్కి తినేది. "బరువు లేనిది గదా, ఎగరతాది. ఇన్నాళ్లూ నాకు తోచనే లేదు చూడు" అన్నారు.

ఆ జాలీ పక్కన కూర్చున్నప్పుడే ఒకసారి, గింజలు చల్లుతూ అడిగారు. "బడిలో ఎవరితో తింటావు టీచరమ్మా?"

"ఒక్కదాన్నేనండీ. వాళ్ల మాటలు నాకు అర్థం కావు కదా."

"అర్థం కాకపోతే ఏమప్పా? పోయి ఒక పక్క సుమ్నే కూచో. నీ డబ్బీ తిను, లేచి రా. రేపూ పో."

మర్నాడు వెళ్లి ఊరికే కూర్చున్నాను. ఆ మర్నాడూ వెళ్లాను. ఎన్నో రోజునో సైన్సు టీచరు నా గోంగూర పచ్చడి వైపు వేలు చూపించి "ఏను ఇదు?" అంది. ఇదేమిటని అడుగుతోందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వేసవిలో పుట్టి పొదగడానికి కూర్చుంది. పక్కింటి పుంజు ఎప్పుడూ మా పెరట్లోనే ఉండేది కాబట్టి రత్నమ్మగారు ఎర్ర కోళ్ల గుడ్లే దాని కింద పెట్టారు. నాలుగే పట్టాయి, అవీ అంచులు బయటికి కనబడుతూ. మూడు పిల్లలయ్యాయి. ఒకరోజు గౌడతి ఒక పిల్లను ముక్కుతో పట్టి విసిరింది. పుట్టి ఒళ్లంతా ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి దాని ముఖం మీద పడింది. నేను లేవబోతే రత్నమ్మగారు మణికట్టు పట్టుకున్నారు. "స్వల్ప ఆగప్పా." ఆవిడ రెండో చేతిలో చీపురు సిద్ధంగా ఉంది. దాని అవసరం రాలేదు. గౌడతి రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ జరగనట్టు నేల గీరుకోసాగింది. మూడు నెలలకు ఆ పిల్లలు తల్లికి రెండింతలయ్యాయి. అయినా గద్ద నీడ పడితే దాని రెక్కల కిందికే ఉరికేవి. తలలు మాత్రమే పట్టేవి.

కొన్నేళ్లకు మోకాళ్లు సహకరించక, జిగణిలో కూతురింటికి వెళ్లే ముందు ఆవిడ కోళ్లను ఇచ్చేశారు. పుట్టిని చూసి ఒకాయన ముచ్చటపడ్డాడు. "ఇదొక్కటి చాలమ్మా, ఫ్లాట్లో మా పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు.

"ఒంటిగా ఇయ్యనప్పా. పెరడుండాదా? దీని బిడ్డల్ని గూడా తీసకపోతావా?"

ఆయన వెళ్లిపోయాడు. చివరికి తోట ఉన్న ఒక దంపతులకు తల్లినీ పిల్లల్నీ కలిపి ఇచ్చారు. మేత ఎత్తులో పెట్టమని గేటు దాకా వెళ్లి మళ్లీ మళ్లీ చెప్పారు.

రత్నమ్మగారు పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేను హూడిలో రెండో తరగతి పిల్లలకు చెబుతాను. ఏడాది మధ్యలో, ఇక్కడి భాష రాని పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరుతుంటారు. పోయిన నెల ఒడిశా నుంచి వచ్చిన పాపను ఆటస్థలంలో ఎవరో పక్కకు నెట్టారు. వచ్చి నా చీర పట్టుకుంది. చెయ్యి పట్టి తీసుకెళ్లి నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ నెట్టిన పిల్లవాడితో మాట్లాడి, నెమ్మదైన ఇద్దరు ఆడపిల్లలను పిలిచి, ఆడుకోమని ముగ్గురికీ కలిపి ఒక తాడు ఇచ్చాను. తర్వాత పది అడుగులు వెనక్కి వచ్చాను. అలా నిలబడటం నాకు ఇప్పటికీ కష్టమే. గంట కొట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.