పవర్ లేని కళ్ళద్దాలు

మా అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "కుదురు లేనిదానా, యాడ సచ్చినావే?" అని మిద్దె మీద నుంచి అరిచేది. నందికొట్కూరు బజారులో మాది స్టీలు సామాన్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. ఆ అరుపు ఎదురుగా ఉన్న బట్టల అంగడి వాళ్ళకు కూడా అలవాటైపోయి, నేను కనబడితే "మీ అవ్వ పిలుస్తాండాది పో" అని వాళ్ళే తరిమేవాళ్ళు.

కుండ కింద పెట్టే గడ్డి చుట్టును కూడా మా వైపు కుదురే అంటారు. అది లేని కుండ ఎలా దొర్లుతుందో నేనూ అలాగే ఉండేదాన్ని, అబద్ధమెందుకు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేదాన్ని. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి అమ్మ చెప్పు వేసుకుని బడికి పోయేదాన్ని. లెక్కల పరీక్షలో ఒక లెక్క సగం చేసి, కిటికీ అవతల పోతున్న పందిని కాసేపు చూసి, తిరిగొచ్చి ఇంకేదో లెక్క మొదలుపెట్టేదాన్ని. సార్లు కొట్టేవాళ్ళు. కొడితే వచ్చేదైతే ఎప్పుడో వచ్చేది కదా!

ఒక్క పనిలో మాత్రం నేను రాయిలా కూర్చునేదాన్ని. అంగట్లో కొన్న గిన్నెల మీద పేర్లు చెక్కే చిన్న మెషిన్ ఉండేది. జుయ్‌మని మోగుతూ చేతిని వణికిస్తూ ఉంటే, ఆ చప్పుడులో నాకు ప్రపంచం కనబడేది కాదు. పెళ్ళిళ్ళ కాలంలో అన్నం కూడా మర్చిపోయి చెక్కేదాన్ని. ఇదే నా కొంప ముంచింది. "పేర్లు సెక్కేటప్పుడు యాడ్నుంచి వస్తాదే కుదురు? సదువంటేనే నీకు ఒళ్ళు వంగదు" అనేది అవ్వ. నేను తల దించుకుని ఇంకో గిన్నె అందుకునేదాన్ని.

తొమ్మిదో తరగతి సగంలో హెడ్మాస్టరు నాయనను పిలిపించాడు. "ఈ పిల్లను పదికి పంపితే మా స్కూలు రిజల్టు పాడైతాదప్పా. టీసీ తీసుకోని పో" అన్నాడు. ఆ రోజు ఇంట్లో నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. మా ఇంట్లో పది రాసినవాళ్ళు లేరు. అమ్మ ఐదు దగ్గర ఆగింది, నాయన తొమ్మిది దగ్గర. ఎందుకు ఆగావని అడిగితే, "అంగడి సూసుకునేటోళ్ళు ల్యాకపాయె" అని మాట దాటేసేవాడు. నేనైనా ఆ గడప దాటాలని నాకు పిచ్చి పట్టుదల. అవ్వ మాత్రం తేల్చేసింది. "సదివింది సాలు. రేపట్నుంచి అంగట్లో కూచోనీ."

ఆ వారమే గిన్నెలు కొనడానికి వచ్చిన ఒక టీచరమ్మ, నేను చెక్కుతూ ఉండగా, నాయనదీ నాదీ గోడు విన్నది. వాళ్ళ అక్క కొడుకు అచ్చం ఇలాగే ఉంటే కర్నూలులో ఒక డాక్టరుకు చూపించారట. ఏ డాక్టరని నాయన అడిగాడు. ఆమె గొంతు తగ్గించి, "మనసు డాక్టరు" అంది.

మనసు డాక్టరని ఆవిడ మర్యాదకు అంది. బజారులో ఆ మాటకు ఒకటే అర్థం, పిచ్చి డాక్టరు. కర్నూలు పెద్దాసుపత్రికి పోదామని అమ్మ అంటే, "వద్దు, ఆడ ఓపీ లైన్లో సగం నందికొట్కూరు నిలబడి ఉంటాది" అన్నాడు నాయన. అందుకే ప్రైవేటు. దానికి పైన ఒక కథ కూడా అల్లాడు, పాపకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదని. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మాత్రం నానబెట్టు తల్లీ" అని బతిమాలాడు.

బస్టాండులో అడగనివాడిదే పాపం. "ఏమప్పా, అంగడి మూసి యాడికి పోతాండావు?" అనగానే నాయన మొదలుపెట్టేవాడు. "పాపకు బోర్డు కనపల్యా అంటాండాది, కండ్ల డాక్టరు కాడికి." ఒక్కొక్కరికి చెప్పేకొద్దీ నా జబ్బు ముదిరిపోయింది. బస్సు కర్నూలు చేరేసరికి, కొండారెడ్డి బురుజు నిజంగానే మసకగా ఉందేమోనని నాకే అనుమానం వచ్చింది.

డాక్టరు గది బయట ఒక మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఆటల్లాంటివి ఆడించింది. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంది. కాగితం నిండా అక్షరాలిచ్చి, ఒకే అక్షరాన్ని వెతికి కొట్టేయమంది. మొదటి రెండు వరుసలు బ్రహ్మాండంగా కొట్టేశాను. తర్వాత ఫ్యాను చప్పుడు మా మెషిన్ చప్పుడులాగే ఉందే అనిపించింది. అంతే, మిగతా వరుసలు గాల్లో కలిసిపోయాయి.

లోపల డాక్టరు నాయనను అడగటం మొదలుపెట్టాడు. "చెప్పిన పని మధ్యలో మర్చిపోతుందా? వస్తువులు పోగొట్టుకుంటుందా? మీ మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తుందా?" నాయన మొదట్లో, "అవును సార్, అచ్చం అంతే సార్" అని నా మీద చాడీలు చెప్పినట్టు గట్టిగా చెప్పాడు. పోను పోను గొంతు తగ్గింది. "కూర్చున్నప్పుడు కాలో చెయ్యో ఆడిస్తూనే ఉంటుందా?" అన్నప్పుడు నా పక్కన ఏదో గలగలమంది. నేను కిందికి చూశాను. నాయన కాలు గడగడ ఆడుతోంది. చేతిలో అంగడి తాళాలు గిరగిరా తిరుగుతున్నాయి. డాక్టరు కూడా అదే చూస్తున్నాడు.

"మీరు చిన్నప్పుడు ఎలా ఉండేవారండీ?" అన్నాడు నెమ్మదిగా.

"నేనా సార్?" అని నాయన తాళాలు జేబులో వేసుకున్నాడు. "పుస్తకం ముందర కూచోవల్లని నన్ను స్తంభానికి కట్టేసేటోళ్ళు సార్. కట్టేసేది మా నాయన. తాడు తెచ్చిచ్చేది మా యమ్మ. ఎంత కట్టేసినా కుదురు రాల్యా. తొమ్మిదిలో మానిపిచ్చినారు." మా అవ్వే తాడు తెచ్చిచ్చేదన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

బడి టీచర్లు కూడా కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసివ్వాలనీ, వచ్చే వారం మళ్ళీ రమ్మనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ రుచి మళ్ళీ ఏ ఊళ్ళోనూ నాకు దొరకలేదు. సగం తిన్నాక నాయన తల పట్టుకున్నాడు. "ఓయమ్మ! కండ్ల డాక్టరు కాడికి పోయి అద్దాల్లేకుండా పోతే ఎట్ల?"

పవర్ లేని అద్దాలెందుకని కళ్ళజోళ్ళ అంగడతను అడిగితే, "అందానికప్పా" అన్నాడు నాయన. నేను గులాబీ రంగు ఫ్రేము ఏరుకున్నాను.

ఇంటికి రాగానే అవ్వ రెండు వేళ్ళు చూపించి, "ఎన్నే ఇవి?" అంది. రెండన్నాను. అంతే, నన్ను కావిలించుకుని బోరుమంది. "కండ్లు కనపడని బిడ్డను ఇన్నాళ్ళు తిట్టితినే తల్లీ!" ఆ రోజు నుంచి కుదురు లేనిదానా అన్న పిలుపు ఆగిపోయింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. కళ్ళకు చూపించే జాలి తలకాయకు చూపిస్తే ఏం పోయింది వీళ్ళకు?

అద్దాలు సరి చేయించాలన్న సాకుతో రెండోసారి వెళ్ళాం. డాక్టరు దాని పేరు ఏడీహెచ్‌డీ అన్నాడు. పిచ్చి కాదు, పొగరు కాదు అన్నాడు. "మరి గిన్నెల మీద పేర్లు సెక్కమంటే కదలదు సార్" అన్నాడు నాయన. "అదీ ఇందులో భాగమే. ఇష్టమైన దానికి మనసు అతుక్కుపోతుంది. మిగతా వాటి మీద నిలపాలంటే తన వల్ల కాదు. కావాలని చేయడం లేదండీ" అన్నాడు డాక్టరు. అవ్వ ప్రశ్నకు అన్నేళ్ళ తర్వాత దొరికిన జవాబు అది. లేచి గంతులు వేయాలనిపించింది, నిజంగానే లేచాను కూడా.

ఇక డాక్టరు చెప్పినట్టే పొద్దున ఒక మాత్ర, బడిలో ముందు బెంచీ, కొంచెం చదివి కొంచెం తిరగడం. నాయన హెడ్మాస్టరు గదిలో ఏం మాట్లాడాడో తెలియదు, టీసీ మాట మళ్ళీ రాలేదు. సొట్టలు పడి అమ్ముడుపోని పళ్ళేలన్నీ నాకిచ్చి, "సూత్రాలు వీటి మీద సెక్కుకో పాపా" అన్నాడు. సాయంత్రాలు నేను చెక్కుతూ పైకి చదివేదాన్ని. నాయన ఒక చోట కూర్చోలేక అంగడంతా తిరుగుతూ వినేవాడు, నేను తడబడితే తనే అందించేవాడు. మెషిన్ జుయ్‌మంటూ, పళ్ళేలు మెరుస్తూ, నాయన చెప్పులు టపటపమంటూ ఉండే ఆ సాయంత్రాలంత బాగా నేను తర్వాత ఎప్పుడూ బతకలేదు. ఆ పళ్ళేల్లోనే అమ్మ అన్నం పెట్టేది. పప్పు కింద నుంచి త్రిభుజం వైశాల్యం తేలేది.

పది రిజల్టు రోజు నెట్ సెంటరు నుంచి నాయన బజారంతా వినబడేలా అరుచుకుంటూ వచ్చాడు. సెకండ్ క్లాసు! అవ్వ దిష్టి తీసి, నా ముఖం మీద నుంచి అద్దాలు తీసి, కొంగుతో రెండు వైపులా తుడిచింది. మళ్ళీ నాకు పెడుతుందనుకున్నాను. నాయన వైపు తిరిగింది.

"ఒరే, ఆ పొద్దు నీకు గూడా ఈ అద్దాలే పెట్టిచ్చింటే నువ్వూ పాసయ్యేటోనివి కదరా. నీకూ కండ్లే కనపల్యా ఏమో. నేను తాడు తెచ్చిస్తి."

నిజం చెప్పేయాలని నా నాలుక దురద పెట్టింది. నాయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అవ్వ చేతిలో నుంచి ఆ గులాబీ రంగు అద్దాలు తీసుకుని, తన పెద్ద ముఖానికి బిగించి పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇప్పుడు బాగా కనపడతాండాదిమా" అన్నాడు.