నా పొట్టకు నెలలు లెక్కపెట్టిన ఊరు

ఆ ఏడు పత్తి విత్తనాల చేలో మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రాసే క్రాసింగ్ పనికి పోయిన మొదటి రోజు, మగపూలు వేసుకునే ఒడిగుడ్డ నడుముకు కట్టుకోబోతే ముడి అందలేదు. అంతకుముందు ఏడు అదే గుడ్డ రెండు చుట్లు తిరిగేది. పువ్వు రాయడానికి చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారాయి. ఒకే ఒంట్లో పొట్ట పెరగడమేంటి, చేతులు ఎండడమేంటి అనుకున్నాను.

నా భర్త పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన పోయిన ఏడే నాకు హెచ్ఐవీ అని తేలింది. గద్వాలలో తెలిసినవాళ్లు కనబడతారని వనపర్తికి పోయి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు తెచ్చుకునేదాన్ని. డబ్బా మీద పేరు ఇంకొకరితో చదివించుకోలేక, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా గుంపు మేస్త్రి ముత్యాలమ్మ చేను నడుమనే అడిగింది. "ఏందే, ఎన్నో నెల?"

"గ్యాసు అక్కా."

"గ్యాసు గిట్ల పెరుగుతదా? ఎవలిదో జర చెప్పరాదు, మేము గూడ సంతోషపడ్తం!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో పుల్లటి నీళ్లు ఊరుతాయి.

వారం తిరక్కముందే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. వెనక ముత్యాలమ్మ, ఇంకో ఇద్దరు.

"అక్కా, ఊర్లె ఒకటే మాట. టెస్టు చేస్కుంటే అందరి నోళ్లు మూతపడ్తయ్."

మాత్రల వల్లనేమోనని చెబితే హెచ్ఐవీ బయటపడుతుంది. చెప్పకపోతే మొగుడు లేని దాని కడుపు. ఈ రెంటిలో ఏ మురికి పూసుకోవాలో నన్నే తేల్చుకోమన్నట్టు నిలబడ్డారు. దడి వెనక్కి పోయి కప్పులో మూత్రం పట్టి తెచ్చాను. ఆశా అందులో పరీక్ష పుల్ల ముంచింది, నలుగురూ వంగి చూశారు. ఒకటే గీత, అంటే కడుపు లేదు.

"గవర్నమెంటోళ్ల పుల్ల, ఏం నమ్ముతం!" అని ముత్యాలమ్మ మూతి విరిచి పోయింది.

బుగ్గలు గుంటలు పడ్డాయి. కూర్చుంటే పిర్రల ఎముక నేలకు గుచ్చుకునేది. మెడ వెనక కొవ్వు గడ్డలా లేచింది. స్నానం చేస్తూ నా పొట్ట నేను తాకడానికే రోత పుట్టేది. ఇదంతా మాత్రల పనే అనుకుని మానేశాను. పొట్ట పోతే ఊరు నోరు మూస్తుందని ఆశ. రెండు నెలలకు పొట్ట అట్లాగే ఉంది. జ్వరం పట్టుకుంది. నోట్లో తెల్లపూత వచ్చి బువ్వ దిగలేదు.

మళ్లీ వనపర్తికి పోతే, పరీక్షల్లో రక్తంలోని వైరస్ లెక్క, అదే వైరల్ లోడ్, పెరిగింది, రోగాన్ని ఆపే సీడీ4 కణాలు పడిపోయాయి. షుగర్, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువున్నాయి.

"మాత్రలు ఎవరు ఆపమన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

చీర పక్కకు జరిపి చూపించాను. ఆమె నవ్వలేదు.

"ఇది లైపోడిస్ట్రోఫీ. ఇన్నేళ్లు వేసుకున్న మాత్రల్లోని జిడోవుడిన్ కొవ్వు కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీసింది. కణానికి శక్తి తయారయ్యేది అక్కడే. బుగ్గల్లో, కాళ్లూ చేతుల్లో కొవ్వు కణాలు చచ్చిపోయాయి. దాచుకునే చోటు లేక కొవ్వు పొట్టలో, లివర్‌లో, రక్తంలో చేరింది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదు, అందుకే షుగర్ వచ్చింది."

"అయితే ఆ మాత్రలు చెడ్డయేనా మేడం?"

"ఇన్నేళ్లు బతికించింది అవే. మందు మార్చాల్సింది, ఆపాల్సింది కాదు. ఇన్నాళ్లు నెలనెలా వచ్చావు, ఒక్కసారైనా చెప్పలేదేం?"

ముత్యాలమ్మకు కప్పులో మూత్రం పట్టి చూపించినదాన్ని, డాక్టరుకు పొట్ట చూపించడానికి సిగ్గుపడ్డాను. ఊరి మీది కంటే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది ఆ రోజే.

తెల్లపూతకు మందిచ్చారు, ఏఆర్‌టీ మందు మార్చారు. కొత్త మందుకూ బరువు పెరగొచ్చు, చూసుకుంటూ ఉండమన్నారు. షుగర్ మాత్ర వేసుకుంటున్నాను, అన్నం తగ్గించి జొన్నరొట్టె తింటున్నాను. ఇప్పుడు వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంత తగ్గింది. పొట్ట కొంచెం తగ్గింది. బుగ్గలు మాత్రం మునుపటిలా కావని ముందే చెప్పారు.

ఈ ఏడు ఒడిగుడ్డకు ఇంకో మూర గుడ్డ కుట్టుకుని పనికి పోయాను.

"మల్ల ఎన్నో నెలనే?" అంది ముత్యాలమ్మ.

"పోయినేడాది సంది లెక్కపెడ్తున్నవు గదక్కా, నువ్వే చెప్పు."

ఈసారి అందరూ ఆమెను చూసి నవ్వారు.

నాలాగా మాత్రలు వేసుకునేవాళ్లకు ఒకటే చెబుతాను. ఒంట్లో ఎక్కడ కొవ్వు కరిగినా, ఎక్కడ పేరుకున్నా, ముందు ఏఆర్‌టీ సెంటర్‌లో చూపించండి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు అడిగి చేయించుకోండి. వాళ్లు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి. మీ పొట్ట చూడాల్సింది డాక్టరు, ఊరు కాదు.