మోకాలికి సరిపోయే మెట్లు

ఆదివారం పొద్దున ఐదున్నరకు బస్సు మమ్మల్ని కొండ కింద దించింది. దుబాయికి ఉత్తరాన రాస్ అల్ ఖైమా, 2023 అక్టోబరు. అప్పటికే చెమటకు చొక్కా తడిసిపోయింది. చేతికిచ్చిన సామాను: గడ్డపార, సమ్మెట, తొడుగులు, నాలుగు లీటర్ల నీళ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. పని: కొండెక్కేవాళ్లకు రాళ్ల దారి వేయడం. జీతం లేదు. సైన్యంలో ఇంజనీర్ల దళంలో ఉండి దార్లు వేసినవాణ్ని. అక్కడ క్వారీ గేటు దగ్గర కాపలా. వారమంతా లారీల చప్పుడే తప్ప మనిషి మాట వినపడదు. అందుకే పేరిచ్చాను. సేవ గీవ ఏమీ లేదు.

మా లీడరు ఆ కొండ కిందే పుట్టి పెరిగిన అరబ్బు టీచరు. నేను ఫౌజీనని తెలియగానే అందరికన్నా పైన, కనుమ కిందున్న నిటారు ముక్క నాకు అప్పగించాడు. మిగతావాళ్లంతా కింద గుంపుగా. నా తలరాత చూడండి, మాట కోసం వస్తే మళ్లీ ఒంటరి పోస్టే పడింది.

రెండో సెట్టు కింద బస్సు డ్రైవరు దగ్గర ఉండేది. జగిత్యాల మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. గంటకోసారి నన్ను పిలవాలని ఆయనకు ఆర్డరు. ఆ వేళకు నేను కనుమ మీదికి ఎక్కేవాణ్ని; పిలుపులో నేను టాప్, ఆయన బేస్.

"టాప్, బేస్. బతికే ఉన్నవా ఫౌజీ?"

"ఉండానన్నా. ఓవర్."

"పైన ఏం కనబడ్తుంది?"

"సముద్రం. పడవలు నిలబడిండాయి."

"నీదే నసీబు. నా మోకాలుకు బస్సు మెట్లే బరువైతున్నయ్."

నేనున్నానా పోయానా అని అడిగే గొంతు నాకు అదొక్కటే. దానికోసం ఆదివారం దాకా కాచుకునేవాణ్ని.

సిమెంటు లేని పని. రాయి పొడుగు వైపు కొండలోకి దూర్చి, పైన నిలబడి ఊగి చూడాలి. కదిలితే పీకి మళ్లీ పెట్టాలి. మెట్టు జానెడు ఎత్తుండాలని లీడరు చెప్పాడు. నేను బెత్తెడే పెట్టుకుంటూ పోయాను. ఒకరోజు ఆయన వచ్చి చూసి హిందీలో అడిగాడు.

"ఇంత పొట్టి మెట్లా? రాళ్లు రెట్టింపు పడతాయి."

"కిందున్న డ్రైవరు ఎక్కాలి సార్."

ఆయన ఒక మెట్టు ఎక్కి చూశాడు. "మా అమ్మ కూడా ఎక్కుతుంది. కానివ్వు," అన్నాడు.

డ్రైవరుకు సెట్టులోనే చెప్పాను. "నీ మోకాలికి దారి వేస్తాండానన్నా. మార్చికి పైకొస్తావు." ఆయన నవ్వాడు. ఆ తర్వాత ప్రతివారం దారి ఎంతదాకా వచ్చిందని అడిగేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ ప్రశ్న రాలేదు. "వీసా క్యాన్సల్ జేసిన్రు ఫౌజీ. బుధవారం విమానం. ఖలాస్."

గంటన్నర తర్వాత కర్ర పొడుచుకుంటూ, ఇంకో చేతిలో సెట్టుతో ఆయనే కనిపించాడు. బస్సుకు తాళం వేసి బయల్దేరాడట. నేను వేసిన చివరి మెట్టు దాకా వచ్చాడు. అక్కడినుంచి కనుమకు తాటిచెట్టంత ఎత్తు, అంతా జారే కంకర. నేను దిగి వెళ్లి పక్కన కూర్చున్నాను. కొండకు అవతల ఉన్న సముద్రం అక్కడికి కనపడదు.

"మోసుకొని పోతానన్నా. మిలిటరీలో మనుషులను మోసినోణ్ని."

"వద్దు. జారితే ఇద్దరం పోతం. నువ్వు పైకి పో. ఎప్పటిలెక్క జెప్పు."

ఎక్కాను. గాలి బాగా ఉంది. సెట్టు నొక్కాను.

"బేస్, టాప్."

"ఏం కనబడ్తుంది?"

"సముద్రం కనపడతాంది. ఎండకు తళతళా మెరుస్తాంది. మూడు పడవలు. ఒకటి కదుల్తాంది." ఓవర్ అనకుండానే బటన్ వదిలేశాను.

మిగిలిన మెట్లు మార్చిలో పూర్తి చేశాను. అన్నీ బెత్తెడే. ఆ చలికాలం ముగిశాక నేనూ కడపకు తిరిగొచ్చేశాను. ఇక్కడ మాటలకు కరువు లేదు. అయినా పలకరించే మనిషి పక్కనున్నప్పుడు కూడా నాకు కనిపించేది ఆయనే: చివరి మెట్టు మీద, ఉత్త రాతిగోడకు ఎదురుగా, సెట్టు చెవికి ఆనించుకొని, కళ్లు మూసుకొని వింటున్నాడు.